ఒక్క కాగితం మీద మూడు పనులు

వరి నాట్లు, ఇంటి స్లాబు, పిల్ల పెళ్ళి మూడూ ఒకే ఏట వచ్చిపడిన ఇల్లు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. రెండేళ్ళ క్రితం మా ఇంట అలాగే జరిగింది. ఏదీ మరచిపోకూడదని మేము ఒక పెద్ద డ్రాయింగు కాగితం తెచ్చి, పైన తేదీలు వేసి, ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో ఒక్కొక్క అడ్డగీతగా గీసి గోడకు అంటించాము. ఇరవై రెండు గీతలు వచ్చాయి. అన్నీ ఒకే నీలం పెన్నుతో, తేదీల వరుసలో, ఒకదాని కింద ఒకటి గీశాము.

జూలై నెలాఖరున స్లాబు వేశారు. నాట్లూ ఆ వారమే. పెళ్ళి బట్టల కోసం పెద్దవాళ్ళం పట్నం వెళ్ళాము. కాగితం మీద 'నీళ్ళు పెట్టాలి' అని ఒక గీత ఉంది. అది స్లాబుకు. కాని దాని పైగీత నాట్లది కావడంతో, ఇంటి దగ్గరున్న మా చిన్నవాడు చేలోకి అనుకున్నాడు. బోరు వేసి చేను తడిపాడు. స్లాబు మూడు రోజులు ఎండలో మాడింది. నాలుగో రోజు మేస్త్రి వచ్చి, "ఏమండీ, స్లాబు ఎండబెట్టేశారే!" అన్నాడు. అప్పటికే సన్నని పగుళ్ళు పాకాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆ గది మూల చెమ్మ దిగుతుంది. చిన్నవాణ్ణి కోప్పడ్డాము గాని, తప్పు వాడిది కాదు. మా కాగితానిది.

పాత చిక్కే

పనులను కాలం మీద గీతలుగా గీసే ఈ పద్ధతిని ఇప్పుడు గాంట్ చార్టు అంటారు. 1910 తరువాతి సంవత్సరాలలో దీనిని వ్యాప్తిలోకి తెచ్చిన అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరు అది. అంతకు చాలా ముందే, 1765లో, ఇంగ్లాండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే బోధకుడు సుమారు 2,000 మంది ప్రసిద్ధుల జీవితకాలాలను ఒకే పెద్ద కాగితం మీద గీతలుగా గీశాడు. అన్నీ కలిపేస్తే కళ్ళు తిరుగుతాయి గదా! అందుకే కాగితాన్ని ఆరు అడ్డ పట్టీలుగా విభజించి, రాజనీతిజ్ఞులు, యోధులు ఒక పట్టీలో, కవులు, కళాకారులు మరొక పట్టీలో, ఇలా వేరుచేశాడు. తేదీలు మాత్రం అందరికీ ఒకటే. ఈ కిటుకే మాకు తెలియకపోయింది.

ఎలా గీయాలి?

తేదీల వరుస పైన ఒక్కటే ఉండాలి. దాని కింద ఒక్కొక్క పనికి ఒక్కొక్క పట్టీ. పట్టీకీ పట్టీకీ మధ్య వేలెడు ఖాళీ వదలండి. ఎడమ పక్క 'పొలం', 'ఇల్లు', 'పెళ్ళి' అని పెద్ద అక్షరాలతో రాయండి. నారుమడి, నాట్లు పొలం పట్టీలో. సెంట్రింగు, స్లాబు, తడపడం ఇంటి పట్టీలో. గుడిలో మూడు ఆదివారాల ప్రకటన, బట్టలు, పిలుపులు పెళ్ళి పట్టీలో.

ఒక్కొక్క పట్టీకి ఒకే రంగు వాడండి. అయితే రంగును మాత్రమే నమ్మవద్దు. కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. జిరాక్సు తీస్తే అన్నీ నలుపే. కాబట్టి ఒకదాన్ని నిండుగా, ఒకదాన్ని ఏటవాలు గీతలతో, ఒకదాన్ని చుక్కలతో నింపండి. ప్రతి గీత మీద పూర్తి మాట రాయండి. 'నీళ్ళు' అని కాదు, 'స్లాబుకు నీళ్ళు' అని.

అన్నిటికంటె కింద 'మనుషులు, డబ్బు' అని మరొక పట్టీ ఉంచండి. ఏ వారం ఎందరు కావాలో, ఎంత కావాలో అక్కడ వేయండి. పట్టీలు వేరుచేసినది పనులు తారుమారు కాకుండా; ఒకే కాగితం మీద ఉంచినది అవి ఎక్కడ ఢీకొంటాయో కనబడడానికి. ఈ రెండూ ఉంటేనే ప్రయోజనం.

చివరగా, పైన మేకుకు ఒక దారం వేలాడదీసి, వారానికొకసారి నేటి తేదీకి జరపండి. దారం తగిలిన గీతలే ఈ వారం పనులు.

పోయిన ఏడు ప్రహరీగోడ, మిరప కోతలు కలిసి వచ్చినప్పుడు ఇలాగే గీశాము. కింది పట్టీలో ఒకే వారం కూలీల లెక్క రెట్టింపు కావడం మా అమ్మ ముందుగా చూసి, "గోడ పారిపోతుందా? కోత కానివ్వండి" అన్నది. గోడను మూడు వారాలు వెనక్కు జరిపాము. కాయ నేల రాలలేదు, గోడా లేచింది. మీ ఇంటనూ పనులు కలిసి వచ్చే ఏడు, ముందుగా ఒక కాగితం, మూడు రంగులు తెచ్చుకోండి.