ప్రక్కప్రక్కన చూడవలసిన చిత్రములు

గుంటూరు మిరపయార్డులో ఆరితేరిన వ్యాపారి మేలుకాయను, తాలుకాయను చూపుతోనే వేరుచేయును. పలురకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటవలన ఆ నేర్పు అలవడినది. చలనచిత్రములకును ఇదే న్యాయము. వ్యాపారపు హాళ్లకు రాని చిత్రములను వరుసగా చూపి, చర్చింపజేయుటకే 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలగువారు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించిరి. అట్టి సంఘములకు 1959లో జాతీయ సమాఖ్య యేర్పడినది.

మన పాఠశాలలలోను ఇట్టి ప్రదర్శనలు జరుపవచ్చును. పల్లెవాని కష్టమునే తీసికొందము. గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' (1939) జమీందారీపై తిరుగుబాటును చాటినది. మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' (1977)లో, శ్రమఫలము భూస్వామికే దక్కునప్పుడు పనిచేయుట తెలివితక్కువయని వాదించు తండ్రి కలడు. గౌతమ్ ఘోష్ 'మా భూమి' (1979) తెలంగాణ సాయుధపోరాటమును చిత్రించెను. బి. నరసింగరావు 'దాసి' (1988) గడీలో నలిగిన యొక స్త్రీ మౌనమును చూపెను. తిరుగుబాటు, వ్యంగ్యము, పోరాటము, మౌనము: నాలుగును నాలుగు తీరులు.

నాలుగు ఆదివారములలో వీనిని చూపినపిదప ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవలెను. 1987-88లో తెల్లదోమ పత్తిపైరును తినివేయగా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో అప్పులపాలైన రైతులు పలువురు ఆత్మహత్య చేసికొనిరి. తాతల నోట విద్యార్థులు విన్న ఆ కథను తెరపై చెప్పవలసివచ్చినచో ఈ నాలుగింటిలో ఏ తీరును ఎన్నుకొందురు? ఏల?