బనారస్ క్యాంపస్‌లో పడి ఉన్న యుద్ధ విమానం.. మళ్లీ ఎలా ఎగిరిందంటే?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ని కాపాడిన విమానాల్లో ఒకటి.. మన బనారస్ హిందూ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉందంటే నమ్ముతారా? అవును, అదే హాకర్ హరికేన్, నంబర్ ఆర్4118.

1940లో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో 49 సార్లు యుద్ధానికి ఎగిరింది. తర్వాత ఇండియాకి పంపారు. 1947లో ఇంజినీరింగ్ స్టూడెంట్ల కోసం యూనివర్సిటీకి ఇచ్చేశారు. 1982లో పాత రోల్స్ రాయిస్ కార్లు వెతుక్కుంటూ వచ్చిన బ్రిటన్ వాసి పీటర్ వాచర్ కంట పడింది. అంతే, మనసు పారేసుకున్నాడు. కానీ అది చేతికొచ్చి ఇంగ్లండ్ చేరేసరికి 2001 అయింది!

అసలు పని అప్పుడే మొదలైంది. హరికేన్ మొత్తం రేకు విమానం కాదు. వెనక భాగమంతా లోహపు గొట్టాల ఫ్రేమ్, దానిపై చెక్క పట్టీలు, ఆపైన బిగించి రసాయనం పూసిన లినెన్ గుడ్డ. యుద్ధంలో ఇదే ప్లస్. బుల్లెట్ చిల్లు పడితే గుడ్డ అతికించి మళ్లీ పంపేవాళ్లు. 60 ఏళ్లయ్యాక అదే మైనస్. గుడ్డ, చెక్క పాడైపోతాయి. గొట్టం లోపలి తుప్పు పైకి కనిపించదు. అందుకే ప్రతి జాయింట్ విప్పి చూడాలి. మ్యూజియంలో పెట్టడానికైతే రంగేస్తే చాలు, ఇందులో పైలట్ కూర్చోవాలి కదా!

కొన్ని భాగాలు మార్చాక అది పాత విమానమే అవుతుందా అని డౌట్ రావచ్చు. నాకైతే అవుననే అనిపిస్తుంది. యుద్ధం తర్వాత చాలా హరికేన్లు తుక్కుకి వెళ్లిపోయాయి. దీన్ని మాత్రం బనారస్‌లో ఎవరూ ముక్కలు చేయలేదు.

2004 డిసెంబర్ 23న ఇంగ్లండ్‌లో ఆర్4118 మళ్లీ గాల్లోకి లేచింది.