గ్వెన్ ఏల మరణించెను?

పిల్లలు చేత బట్టిన విడువని బొమ్మలకథలలో 'స్పైడర్‌మాన్' యొకటి. 1973వ సంవత్సరపు సంచికలో నొక దుర్మార్గుడు గ్వెన్ స్టేసీ యను కన్యను వంతెనపైనుండి త్రోసెను. కథానాయకుడు సాలెదారము విసరి, ఆమె నీట బడకమునుపే పట్టెను. అయినను ఆమె బ్రదుకలేదు. మెడయొద్ద 'స్నాప్' అను చిన్నమాట మాత్రము బొమ్మలో నచ్చుపడి యున్నది.

రక్షింపబోయినవాడే చంపెనా? మిన్నెసోటా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన జేమ్స్ కాకలియోసు 2005లో ప్రకటించిన గ్రంథమున దీనికి లెక్క గట్టెను. 300 అడుగులు పడునప్పటికి వేగము గంటకు 95 మైళ్లగును. అరసెకనులో నాపినచో, దారము లాగు బలము శరీరపు బరువునకు సుమారు 10 రెట్లు. పాపము, మెడ యెట్లు తాళును? దారము మఱికొంత సాగియుండిన, ఆగుటకు బట్టు కాలము పెరిగి దెబ్బ తగ్గెడిది.

జారిపడిన కోడిగ్రుడ్డును పళ్లెమున బట్టిన పగులును. వదులుగా చాపిన కొంగున బట్టిన నిలుచును. మోటారుకారులలో ప్రమాదవేళ నుబ్బు గాలిసంచి చేయునదియు నీ కొంగు పనియే. అయితే అది మిక్కిలి వేగముగా నుబ్బును. కావున ముందరి యాసనమున పసిబిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండరాదు.