గృహిణియు గడియారమును

గడియారమను మాటలోనే గడియ యున్నది. మన పూర్వులు రాత్రింబవళ్లను 60 గడియలుగా విభజించిరి. గడియకు 24 నిమిషములు. రెండున్నర గడియలు గంట. ఏడున్నర గడియలు జాము. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై నుంచిన, అది నిండి మునుగు కాలమే గడియ. పల్లెయిండ్లకు ఆ గిన్నెయు నక్కఱలేదు. వేగుచుక్కను చూచి కళ్లాపి చల్లి, బారెడు పొద్దెక్కకమునుపే సద్దిమూటతో ప్రత్తిచేనికో మిరపచేనికో బయలుదేరుటయే పర్చూరు సీమలో నానాటి కాలనిర్ణయము.

పిమ్మట వారమున కొకసారి కీ యిచ్చు గోడగడియారము వచ్చినది. చుట్టిన కమాను మెల్లగా విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. లోలకము వాని వేగమును అదుపులో నుంచును. సూర్యోదయము ఊరూరికిని వేఱు; రైలుబండి కట్లు కుదురదు. మొదట మన రైళ్లు మదరాసు కాలము ననుసరించెడివి. 1906 జనవరి 1వ తేదీన 82½ డిగ్రీల రేఖాంశమును బట్టి భారత ప్రామాణిక కాల మేర్పడినది. పర్చూరు ఆ రేఖకు పడమట నుండుటచే, నిచ్చట సూర్యుడు గడియారముకంటె సగటున 9 నిమిషములు వెనుకబడును. క్రమముగా నింటిపొయ్యి పొద్దును విడిచి, బడిగంటకును కచ్చేరి వేళకును లోబడినది.

గడియారమువలన మేలును గలదు. యంత్రశాలలలో స్త్రీల పని దినమునకు 11 గంటలు మించరాదని 1891 చట్టము విధించెను. 1948 చట్టము వయోజనుల కెల్ల 9 గంటలు హద్దు చేసెను. గంటలు లెక్కించు సాధనము లేనిచో నిట్టి చట్ట మెట్లు నిలుచును?

కాని యీ హద్దు వంటయింటి గడప దాటి లోనికి రాలేదు. పని యెప్పుడు మొదలిడవలెనో గడియారము గృహిణికి చెప్పును. ఎప్పుడు ముగియునో చెప్పదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. పాతలెక్కలో స్త్రీకి దాదాపు పన్నెండున్నర గడియలు, పురుషునికి నాలుగు. పిల్లల, వృద్ధుల సంరక్షణ యిందు చేరలేదు. క్షణము తీరిక లేదు, దమ్మిడీ ఆదాయము లేదను సామెత పరిహాసమునకు పుట్టినదైనను, గృహిణి విషయమున నక్షరసత్యము.

సోదరీమణులారా! ఒక వారము మీరు చేయు పనులను, వానికి పట్టు నిమిషములను కాగితముపై వ్రాసి యింటివారికి చూపుడు. లెక్కకురాని పనిని పంచుకొనుట కెవరును ముందునకు రారు. పురుషుని నాలుగు గడియలు ఐదైనచో, స్త్రీకి దినమున కొక గడియ మిగులును. ఆ 24 నిమిషములలో నొక పుస్తకము తెఱచి చదువుకొనవచ్చును, లేదా ఊరక కూర్చుండవచ్చును.