భాష రాని దేశంలో భోజనం

గుంటూరు మిరప యార్డుకు సరుకు కొనడానికి ఉత్తరాది నుండి వచ్చే వ్యాపారులను మన భోజన హోటళ్ళలో గమనించండి. వారికి తెలుగు రాదు; వడ్డించేవానికి వారి భాష రాదు. అయినా అన్నం వస్తుంది, పప్పు వస్తుంది, పచ్చడి వస్తుంది. గోంగూర మొదటి ముద్దతోనే అతిథి కన్నుల నీరు తిరుగుతుంది. వడ్డించేవాడు మళ్ళీ గరిట ఎత్తగానే ఆయన విస్తరిపై అరచేయి అడ్డం పెడతాడు. రెండు మూడు రోజులకు 'చాలు' అనే మాట నేర్చుకుంటాడు. కావలసినదానిని అడగడం కంటే, అక్కరలేనిదానిని కాదనడమే ఆయనకు ముందుగా అవసరమైన విద్య. పరదేశంలో మన స్థితి కూడా సరిగ్గా ఇదే.

నేడు మన ప్రాంతపు యువకులు వైద్యవిద్యకై కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ వంటి దేశాలకు, ఉద్యోగాలకై గల్ఫ్ దేశాలకు, మలేషియాకు వెళ్తున్నారు. పెద్దలు హజ్, ఉమ్రా యాత్రలకు వెళ్తున్నారు. పాస్‌పోర్టు, వీసాలను గూర్చి చూపిన శ్రద్ధలో పదవ వంతు కూడా భోజనం అడిగే విధానంపై చూపరు. కాని అక్కడ జరిగే పొరపాటు ఆకలితో పోదు. మధుమేహం ఉన్నవానికి అది ఆరోగ్య సమస్య. విద్యార్థికి డబ్బు సమస్య. నియమం గలవానికి ధర్మ సమస్య.

భాష రానివానికి మొదటి సహాయం కన్ను. ఈ విషయంలో జపాను దేశం ప్రసిద్ధమైనది. అక్కడి హోటళ్ళ అద్దాల బీరువాలలో ప్రతి వంటకానికీ అచ్చంగా దానివలెనే ఉండే నమూనాను ధరతో సహా ఉంచుతారు. ఇవాసాకి తకిజో అనే ఆయన 1932లో ఒసాకాలో ఈ నమూనాల తయారీని వ్యాపారంగా ప్రారంభించాడు. మొదట మైనంతోను, తరువాత ప్లాస్టిక్‌తోను చేశారు. వేలు చూపితే చాలు, భోజనం వస్తుంది. అయితే కంటికి ఒక హద్దు ఉన్నది. నమూనాలో చేప కనిపిస్తుంది. ఆ చేప పులుసులో 'మిరిన్' అనే బియ్యపు మద్యం కలిపిన సంగతి కనిపించదు. రూపం కంటికి తెలుస్తుంది, లోపల ఉన్నది మాటకే తెలుస్తుంది. కనుక కొన్ని మాటలు తప్పవు.

సంతోషకరమైన విషయమేమంటే, అట్టి మాటలలో కొన్ని మన నోట ఇప్పటికే ఉన్నాయి. అరబ్బు దేశపు హోటలులో బిల్లు కావాలంటే 'హిసాబ్' అంటే చాలు. మన 'బాకీ' కూడా అరబ్బీ నుండి వచ్చినదే. అక్కడ 'అల్ బాకీ' అంటే మనకు తిరిగి రావలసిన చిల్లర. మన 'ఖాళీ' మరింత ఉపకారి. పొట్లాలపై 'ఖాలీ మిన్ అస్సుక్కర్' అని ఉంటే చక్కెర లేనిదని అర్థం. ఉర్దూ మాధ్యమంలో విజ్ఞానశాస్త్రం చదివిన విద్యార్థులు మాంసకృత్తులను 'లహ్మియాత్' అంటారు; ఆ 'లహమ్' అంటేనే మాంసం. కోడి 'దజాజ్', చేప 'సమక్', రొట్టె 'ఖుబ్జ్', ఉప్పు 'మిల్హ్'. కిర్గిజ్‌స్తాన్‌లో రొట్టెను 'నాన్' అనే అంటారు. ఉల్లిపాయ 'పియాజ్', తేనీరు 'చాయ్', పలావు 'పలూ'. ఇంటి మాటలే కొద్దిగా వేషం మార్చుకొని అక్కడ ఎదురవుతాయి.

కాని తెలిసిన మాటే ఒక్కొక్కసారి మోసం చేస్తుంది. కొన్నేళ్ళ క్రితం పెద్దలతో కలిసి మదీనా వెళ్ళినప్పుడు ఒక చిన్న హోటలులో పళ్ళెం నిండా అన్నం పోస్తుంటే, ఉర్దూ అలవాటుతో 'కమ్, కమ్' అన్నాను. తగ్గించమని నా భావం. అరబ్బీలో 'కమ్' అంటే 'ఎంత, ఎన్ని' అని ప్రశ్న. అతడు వేళ్ళతో ధర చూపాడు. నేను అర్థం కాక, మన పద్ధతిలో తల ఊపాను. ఇంకొక పళ్ళెం వచ్చింది! మాతో వచ్చిన చిలకలూరిపేట ప్రాంతపు మిరప రైతు ఒకాయన నవ్వి, "ఇంత చదివారు గదా మాస్టారూ, చెయ్యి అడ్డం పెట్టలేకపోయారా?" అన్నారు. ఎమ్మే చదువు ఆనాడు ఆ రైతు అరచేతి ముందు తలవంచింది.

మలేషియాలో ఇట్టిదే మరొక మాట ఉన్నది. వేడిగా కావాలని 'గరమ్' అంటే, మలయ్ భాషలో దానికి ఉప్పు అని అర్థం. రక్తపోటు ఉన్నవారు ఈ మాటను జ్ఞాపకం పెట్టుకోవాలి. అక్కడ 'రోటీ' మాత్రం రొట్టెయే. చక్కెరను 'గులా' అంటారు. అది సంస్కృత 'గుడ' శబ్దం నుండి వచ్చినది. పాలు, చక్కెర రెండూ లేని టీ కావాలంటే 'తె ఓ కొసొంగ్' అనాలి.

తల ఊపడాన్ని కూడా నమ్మరాదు. బల్గేరియాలో తలను పైకీ కిందికీ ఊపితే 'కాదు' అని అర్థం. ఇక మన తెలుగువారు తలను పక్కలకు ఆడిస్తే అది అవునో కాదో పరదేశీయునికి ఎన్నటికీ తెలియదు. అరచేయి అడ్డం పెట్టడమే స్పష్టమైన భాష.

కనుక ప్రయాణానికి ముందు విద్యార్థులు మూడు మాటలు నేర్చుకొనవలెనని నా సూచన. మొదటిది, తినకూడనిదాని పేరు. పంది మాంసాన్ని మలయ్‌లో 'బాబి' అని, ఫిలిప్పీన్స్‌లో 'బబోయ్' అని, రష్యన్‌లో 'స్వినీనా' అని అంటారు. శాకాహారి అయితే మాంసం, చేప, గుడ్డు అనే పేర్లు వేరువేరుగా నేర్చుకోవాలి. కొన్ని దేశాలలో మాంసం వద్దంటే చేప తెచ్చి పెడతారు. వేరుసెనగ పడనివారు మలేషియాలో 'కచాంగ్' అనే మాట మరువరాదు. 'సాతే'తో పాటు ఇచ్చే పచ్చడి వేరుసెనగదే. రెండవది, 'లేకుండా' అనే మాట: అరబ్బీలో 'బిదూన్', మలయ్‌లో 'తన్పా', ఫిలిప్పీన్స్‌లో 'వలాంగ్'. మూడవది, 'ఎంత' అనే మాట. తినక ముందే ధర అడగడం లోభం కాదు, వివేకం.

నేడు చేతి ఫోను ధరల పట్టికను చదివి అనువదిస్తున్నది. మంచిదే. అయితే పట్టికలో లేనిది, వంటగదిలో ఏ కొవ్వుతో వేయించారన్నది, ఫోనుకు తెలియదు. అడిగి తెలుసుకోవలసినదే. ఆ మూడు మాటలను ఆ దేశపు లిపిలోనే ఒక చీటీపై వ్రాయించుకొని జేబులో ఉంచుకొనడం ఉత్తమం. బ్యాటరీ అయిపోయినా చీటీ మాట్లాడుతుంది.

చివరగా ఒక మాట. మన పిల్లలలో అనేకులు నవ్వుతారేమోనన్న సిగ్గుతో, వచ్చినది ఏమిటో తెలియకుండా తింటారు. లేదా వారాల తరబడి రొట్టె, అరటిపండుతో గడుపుతారు. భాష రాకపోవడం అవమానం కాదు. మన యార్డుకు వచ్చిన వ్యాపారి విస్తరిపై చెయ్యి పెట్టినప్పుడు మనం ఆయనను చిన్నచూపు చూడలేదు గదా! మజ్జిగ మరికొంచెం పోసి మర్యాద చేశాము. పరదేశపు వడ్డించేవాడు కూడా మనవంటి మనిషే. అడిగినవానికి చెబుతాడు, వద్దన్నవానికి వడ్డించడు.