సెకనుకి తొమ్మిది చుట్లు

సంక్రాంతి సెలవులకి ఊరెళ్తే మా ఇంట్లో అరిసెల కంటే ముందు పత్తి కట్టె గురించే మాటలు మొదలవుతాయి. అప్పటికి ఆఖరి తీత అయిపోయి చేలో ఎండిన మోళ్ళు నిలబడి ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే మిగిలిపోయిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట కోసం ఎదురు చూస్తుంది. పీకించి కుప్పేసి తగలబెడదామంటే కూలీలు దొరకరు, పైగా నేలకి దక్కాల్సిందంతా పొగైపోతుంది. అందుకని మా బాబాయి రెండేళ్ళ క్రితం రోటరీ స్లాషర్ కొన్నాడు. ట్రాక్టర్ వెనక తగిలించి నడిపితే కట్టెని ముక్కలు చేసి అక్కడే పడేస్తుంది. తర్వాత దున్నేస్తే మట్టిలో కలిసిపోతుంది.

"నువ్వు మెకానికలే కదమ్మా, ఈసారి నువ్వే తగిలించు చూద్దాం" అన్నాడు మొన్న సెలవుల్లో. నేను హుషారుగా లేచాను. "ముందు ఆ చున్నీ ఇంట్లో పెట్టి రా."

రోటవేటర్ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో షాఫ్టు అడ్డంగా ఉండి బ్లేడ్లు మట్టిని తిరగేస్తాయి. స్లాషర్‌లో షాఫ్టు నిలువుగా ఉంటుంది. మన సీలింగ్ ఫ్యాన్‌ని నేలకి జానెడు ఎత్తులో, మందపాటి ఇనుప రేకు కింద బిగించారనుకోండి, అదే. మట్టి జోలికి పోదు, పైనున్నదాన్ని నరుకుతుంది. అమెరికాలో దీన్ని చాలామంది బుష్ హాగ్ అనే పిలుస్తారు. అది నిజానికి 1951లో అలబామాలోని సెల్మాలో పుట్టిన కంపెనీ పేరు. మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే ఇదీనూ.

తగిలించడం చదునైన నేల మీదే చెయ్యాలి. ట్రాక్టర్ని నెమ్మదిగా రివర్సులో తెచ్చి, కింది రెండు లింకులూ స్లాషర్ పిన్నులకి ఎదురుగా వచ్చేలా ఆపాలి. ఆ చివరి నాలుగంగుళాలు నాకు చెమటలు పట్టించాయి. బండి కదులుతున్నంతసేపూ ట్రాక్టర్‌కీ స్లాషర్‌కీ మధ్య మనిషి నిలబడకూడదు, "ఇంకొంచెం రా, రా" అని చెయ్యి ఊపడానికైనా సరే. ముందు ఎడమ లింకు తగిలించాలి. మన ట్రాక్టర్లలో ఎక్కువగా కుడి లింకుకే ఎత్తు సరిచేసే హ్యాండిల్ ఉంటుంది కాబట్టి, ఎడమది పడ్డాక కుడిదాన్ని తిప్పుకుంటూ పిన్నుకి కలపొచ్చు. ఆఖర్న టాప్ లింకు. విప్పేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి. ఇలా మూడు చోట్ల పట్టుకునే ఏర్పాటు హ్యారీ ఫెర్గూసన్ అనే ఐరిష్ ఇంజనీరు పుణ్యం. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో జనంలోకి బాగా వెళ్ళింది.

పక్కలకి సమంగా ఉండాలి గానీ, ముందు అంచు వెనక అంచు కంటే ఒక అంగుళం కిందికి ఉండాలి. వెనక కిందికి ఉంటే ముందు తెగిన కట్టెనే బ్లేడ్లు మళ్ళీ మళ్ళీ నరుకుతాయి, ఇంజను ఊరికే మూలుగుతుంది. టాప్ లింకు తిప్పితే ఇది సర్దుకుంటుంది.

ఇక షాఫ్టు. ఇక్కడే అసలు కథ.

ట్రాక్టర్ వెనక నుంచి బయటికొచ్చే 35 మిల్లీమీటర్ల, ఆరు పళ్ళ ముక్క పేరు పీటీవో. నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకి 9. దాన్నుంచి స్లాషర్ గేర్‌బాక్సుకి ఒక షాఫ్టు, రెండు చివర్లా రెండు జాయింట్లు. షాఫ్టు ఒకదాంట్లో ఒకటి జారే రెండు ముక్కలుగా ఉంటుంది, ఎందుకంటే స్లాషర్ పైకి లేచినా దిగినా దూరం మారుతుంది. పొడవు ఎక్కువైతే గేర్‌బాక్సుని గుద్దుతుంది, తక్కువైతే తిరుగుతూ తిరుగుతూ ఊడొస్తుంది. అందుకే తగిలించాక, పీటీవో వెయ్యకుండా, ఒకసారి మెల్లగా లేపీ దించీ చూసుకోవాలి.

ఆ జాయింట్లు మనం థియరీ ఆఫ్ మెషీన్స్‌లో చదివిన హుక్స్ జాయింట్లే. కోణంలో తిరిగినప్పుడు, ఇటు వేగం స్థిరంగా ఉన్నా అటు వేగం చుట్టుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో జాయింటు ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది. కానీ దానికి ఒక షరతు ఉంది: మధ్య షాఫ్టు రెండు చివర్లా ఉన్న ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి. పావు చుట్టు తేడా పడితే, సరిచెయ్యాల్సింది కాస్తా రెట్టింపు చేస్తుంది. మనందరం పరీక్షలో రాసిందే.

బాబాయి షాఫ్టు చదరపు గొట్టం. నాలుగు రకాలుగానూ దూరుతుంది. మొన్న దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే ఫోర్కులు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. కిందటేడు సంక్రాంతికి గ్రీజు పెట్టడానికి దాన్ని విడదీసి, తిరిగి కలిపింది నేనే.

నేను కాలేజీకి వచ్చేసిన వారానికి స్లాషర్ వణుకుతోందని బాబాయి ఫోన్‌లో అన్నాడు. నేను బోల్టులు లూజేమో చూడమన్నాను. మర్నాడు పీటీవో తిరుగుతుండగానే చప్పుడు ఎక్కడిదా అని వంగి చూశాడు. షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ కవర్ ముందే పగిలితే తీసి కొట్టం వెనక పడేశాడు. భుజం మీది తువ్వాలు కొస జాయింటు పిన్నుకి తగిలింది. గొట్టం అడ్డం ఆరు సెంటీమీటర్లనుకుంటే చుట్టుకొలత దాదాపు 19. తొమ్మిది చుట్లకి మీటరున్నర పైనే, ఒక్క సెకనులో. అప్పుడు ఇంజను ఐడిల్లో ఉంది, అందులో సగం కూడా ఉండదు. అయినా చెయ్యి వెనక్కి తీసేలోపు తువ్వాలు లేదు. మోచెయ్యి దగ్గర చర్మం లేచిపోయింది, భుజం నెల్లాళ్ళు నొప్పి. తువ్వాలు భుజం మీద ఊరికే వేసుకున్నాడు కాబట్టి సరిపోయింది. మెడకి చుట్టుకునే అలవాటు మా ఊళ్ళో సగం మందికి ఉంది.

ఫోర్కుల సంగతి ఆయనకి చెప్పాను. కాసేపు షాఫ్టు వంక చూసి, "కవర్ తీసింది నేను కదమ్మా" అన్నాడు. ఆ రోజు ఇక స్లాషర్ నడపలేదు. టౌనుకెళ్ళి కొత్త కవర్ తెచ్చాం. దానికి చివర్లలో చిన్న గొలుసులుంటాయి, వాటిని ట్రాక్టర్‌కీ స్లాషర్‌కీ కొక్కేలకి తగిలించాలి. అప్పుడు లోపల షాఫ్టు తిరిగినా కవర్ కదలదు. చాలామంది ఆ గొలుసుల్ని ఎందుకూ పనికిరానివనుకుని వదిలేస్తారు.

మర్నాడు నడిపాం. ముందు చేను నడిచి చూడాలి: రాళ్ళు, బైండింగ్ వైరు, మర్చిపోయిన డ్రిప్ పైపు. గేర్‌బాక్సు షాఫ్టు వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుందనుకుంటే బ్లేడ్లు నిమిషానికి 810 చుట్లు. ఐదడుగుల కోతకి బ్లేడు కొస వేగం ఎంతో లెక్కేయండి, గంటకి దాదాపు 230 కిలోమీటర్లు వస్తుంది. దానికి తగిలిన రాయి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చుట్టూ వంద మీటర్లలో పిల్లలూ గొడ్లూ ఉండకూడదు, ముందూ వెనకా వేలాడే గొలుసుల తెర ఊడి ఉండకూడదు. బ్లేడ్లని బిగించెయ్యకుండా ఒక్క బోల్టు మీద వదులుగా ఉంచేది కూడా రాయి తగిలితే వెనక్కి మడుచుకోవడానికే.

పీటీవో తక్కువ రేసులో వేసి, బ్లేడ్లు తిరగడం మొదలయ్యాకే రేసు పెంచాలి. మీటరు మీద 540కి గుర్తు ఉంటుంది, అక్కడ నిలపాలి. బండి మాత్రం మనిషి నడకంత నెమ్మదిగానే పోవాలి. గట్టు దగ్గర తిరిగేటప్పుడు స్లాషర్‌ని మరీ పైకి లేపితే జాయింట్ల కోణం పెరిగి టకటకా కొట్టుకుంటాయి.

ఇంకొక సంగతి నాకు తెలియక మొదటి గట్టు దగ్గర గుండె ఆగినంత పనైంది. పాత రకం సింగిల్ క్లచ్ బండ్లలో క్లచ్ తొక్కినా బ్లేడ్ల జోరు షాఫ్టు గుండా గేర్లలోకి వెనక్కొచ్చి ట్రాక్టర్నే ముందుకి తోస్తుంది. సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఓవర్ రన్నింగ్ క్లచ్ షాఫ్టుకి పెడితే ఆ బాధ లేదు. మా బండికి లేదు. కాబట్టి గట్టుకి చాలా ముందే పీటీవో తీసెయ్యాలి.

ఆపాక ఇంజను కట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా సీటు మీదే కూర్చోవాలి. కింద చుట్టుకున్న తీగ తియ్యాలంటే స్లాషర్‌ని లేపి, కింద దుంగలు పెట్టాకే చెయ్యి పెట్టాలి. హైడ్రాలిక్ లివరు ఎవరి మోకాలు తగిలినా దిగిపోతుంది. సాయంత్రం షాఫ్టు విప్పి గ్రీజు పెట్టాం. తిరిగి కలిపేముందు బాబాయి రెండు గొట్టాల మీదా సుద్దముక్కతో ఒక గీత గీయించాడు నా చేత. సుద్ద చెరిగిపోతుందని నేను ఆ రాత్రి ఎర్ర పెయింటు తెచ్చి దాని మీదే దిద్దాను.