వెనక చక్రం దగ్గర చిన్న తోపు

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో క్యాబ్ నడుపుతాను. పారిపోయే కార్లను అమెరికా పోలీసులు తమ కారు తగిలించి ఆపే వీడియోలు మా స్టాండులో అందరం చూస్తాం. పోలీసు కారు ముందు మూల, పారిపోయే కారు వెనక చక్రం పక్కన ఆనుతుంది. స్టీరింగు అటు తిప్పగానే వెనక టైర్లు పట్టు తప్పి, బండి గిర్రున తిరిగి ఆగుతుంది. వేగం ఎక్కువైతే పల్టీయే!

2001లో జార్జియాలో ఓ పోలీసు వెనక నుంచి గుద్దితే, పారిపోతున్న పందొమ్మిదేళ్ల కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. దానిపై నడిచిన ‘స్కాట్ వర్సెస్ హారిస్’ కేసులో 2007లో అమెరికా సుప్రీంకోర్టు 8–1తో పోలీసునే సమర్థించింది.

సాయంత్రం ఆబిడ్స్‌లో అట్లా తిరగడానికి జాగా ఏది? తిరిగిన కారు బస్టాపులో జనం మీదికే పోతుంది. వైర్‌లెస్‌లో నంబరు చెప్పి, ముందు చౌరస్తాలో బారికేడ్లు పెట్టిస్తే చాలు.